రెండు రికార్డుల నడుమ పదేళ్లు

ప్రశ్న: హైదరాబాద్‌లో మేం నలుగురు స్నేహితులం రెండున్నరేళ్లుగా ఒక పంక్ (వేగంగా, గరుకుగా వాయించే రాక్) బ్యాండ్ నడుపుతున్నాం. సైనిక్‌పురిలో ఒక ఇంటి పైగదిలో వారానికి రెండుసార్లు సాధన చేస్తాం. మా పాటలన్నీ రెండు నిమిషాల లోపువే. ఈ మధ్య మా గిటారిస్టు బరాత్ బ్యాండులో ట్రంపెట్ ఊదే ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చి, కొత్తగా కట్టిన నెమ్మది పాటలో వాయించమన్నాడు. నాకు చాలా నచ్చింది. మా డ్రమ్మర్ మాత్రం "ఇక బరాత్‌లకే వెళ్లండి" అని అలిగి రెండు వారాలుగా రావడం లేదు. మా నలుగురికీ ప్రాణమైన బ్యాండ్ డెన్మార్క్ వాళ్ల ఐసేజ్. వాళ్ల మొదటి రికార్డు, 2021లో వచ్చిన రికార్డు ఒకదాని వెంట ఒకటి వింటే రెండూ ఒకే బ్యాండువంటే నమ్మబుద్ధి కాదు. "చూశారుగా, వాళ్లూ అమ్ముడుపోయారు" అంటాడు మా డ్రమ్మర్. నిజంగా అమ్ముడుపోయారా? మేం మారితే అదీ ద్రోహమేనా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మీ డ్రమ్మర్ చెవిలో లోపమేమీ లేదు. ఆ రెండు రికార్డుల మధ్య దూరం నిజంగానే చాలా ఎక్కువ. అయితే అతడు మొదటిదాన్నీ 2021 నాటిదాన్నీ పక్కపక్కన పెట్టి, నడుమ ఉన్న మూడింటినీ పక్కకు నెట్టేశాడు. పదో తరగతి హాల్‌టికెట్ మీది ఫొటోను పెళ్లి ఆల్బమ్ పక్కన పెడితే ఎవరైనా మరో మనిషిలాగే కనిపిస్తారు. అందుకని ముందు ఆ నడిమి దారి ఎలా సాగిందో చెబుతాను, మీ పైగది సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఐసేజ్ 2008లో కోపెన్‌హాగన్‌లో మొదలైంది. పాడే ఎలియాస్ బెండర్ రోనెన్‌ఫెల్ట్, గిటార్ వాయించే యోహాన్ సురబల్లె వీత్, బేస్ వాయించే యాకోబ్ ట్విలింగ్ ప్లెస్, డ్రమ్స్ వాయించే డాన్ కియార్ నీల్సన్ అప్పటికి ఇంకా మీసాలు సరిగా రాని బడి వయసు పిల్లలు. అప్పుడు ఆ ఊరు ఎలా ఉండేదో కూడా కొంత తెలియాలి. అంతకు ముందు ఏడాది, 2007 మార్చి 1న, నోర్రెబ్రో పేటలో యాగ్ట్‌వై వీధి 69వ నంబరు భవనాన్ని పోలీసులు ఖాళీ చేయించారు. ఉంగ్‌డమ్స్‌హుసెట్, అంటే యువజన గృహం, అని పిలిచే ఆ ఇల్లు 1982 నుంచి పాతికేళ్లపాటు ఆ నగరపు పంక్ కుర్రకారుకు అడ్డా. రోజుల తరబడి వీధుల్లో గొడవలు జరిగాయి, ఆ వారంలోనే భవనాన్ని నేలమట్టం చేశారు. (మార్చి 8న మనం జరుపుకునే మహిళా దినోత్సవానికి బీజం పడిన 1910 నాటి అంతర్జాతీయ సోషలిస్టు మహిళల మహాసభ జరిగింది కూడా ఆ ఇంట్లోనే. కూల్చినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు.) ఇటువంటి గొడవ సద్దుమణిగీ మణగని ఊళ్లో గిటార్లు పట్టిన పిల్లలు నింపాదిగా వాయిస్తారని ఎవరూ అనుకోరు.

2011లో వచ్చిన 'న్యూ బ్రిగేడ్' అలాంటి రికార్డే. పన్నెండు ముక్కలు, మొత్తం కలిపి 24 నిమిషాలు. మీరు పాటకు రెండు నిమిషాలని పెట్టుకున్న కొలత బహుశా అక్కడినుంచి వచ్చిందే అయి ఉంటుంది. అందులో గిటార్ చినుకులా మొదలై వడగళ్లయ్యే పాటలున్నాయి, మాట అర్థమయ్యేలోపే అయిపోయే పాటలున్నాయి. అందరూ దాని వేగాన్ని పొగిడారు గానీ, దానికి నిలకడగా బలం ఇచ్చింది వేగం కాదనిపిస్తుంది నాకు. పాట ఏ క్షణంలోనైనా కూలిపోతుందేమో అనిపించేటంత ఒరిగి, మళ్లీ డ్రమ్స్ పట్టుకుని లేచి నిలబడడంలో ఉంది దాని బలం. ఈ మాట గుర్తుంచుకోండి, మీ డ్రమ్మర్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

రెండో రికార్డు 'యూ ఆర్ నథింగ్' 2013లో వచ్చింది. అదీ అరగంటకు లోపే. మొదటిదాన్ని డెన్మార్క్‌లో ఎషో అనే చిన్న సంస్థ తెచ్చింది, ఇది మాత్రం న్యూయార్క్‌కు చెందిన మాటడోర్ అనే పేరున్న స్వతంత్ర సంస్థ నుంచి వెలువడింది. అమ్ముడుపోయిన తేదీ ఏదైనా రాయదలిస్తే మీ మిత్రుడు ఇక్కడే రాయాలి. కానీ రికార్డు వినండి: మొదటిదానికంటే మెత్తబడలేదు సరికదా, చాలా చోట్ల ఇంకా గరుకుగా ఉంది. ఆ గరుకుతనం నడుమ 'మోరల్స్' అనే పాట ఒకటుంది. అందులో వేగం లేదు. డ్రమ్స్ కవాతులా నడుస్తాయి, గొంతు ఈడుస్తూ వస్తుంది, గిటార్ల చప్పుడు కింద పియానో మెట్లు వినిపిస్తాయి. మూడు నిమిషాల ఆ పాటకు ఇటలీ గాయని మీనా పాడిన ఒక పాత పాట ప్రేరణ. పంక్ రికార్డు మధ్యలో అరవైల నాటి ఇటలీ పాట నీడ! ఆ పియానోను అప్పట్లో చాలామంది ఒక ముచ్చటగా తీసుకుని వదిలేశారు. ఆ తర్వాత ఎనిమిదేళ్లలో వచ్చినదంతా ఆ ఒక్క పాటలో ఇరికించి ఉందని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది.

2014లో వచ్చిన 'ప్లోయింగ్ ఇంటు ద ఫీల్డ్ ఆఫ్ లవ్' దగ్గర నేనూ బోర్లా పడ్డాను కాబట్టి మీ డ్రమ్మర్ మీద నాకు కోపం రావడం లేదు. మొదటిసారి విన్నప్పుడు రెండో పాట 'ద లార్డ్స్ ఫేవరిట్' రాగానే, గుర్రపు నడకలాంటి ఆ అమెరికా పల్లె పాటల తాళమూ, అహంకారమో వెక్కిరింతో తేల్చుకోలేని ఆ గొంతూ విని, ఈ కుర్రాళ్లకు మతిపోయిందనుకుని కట్టేశాను. కొన్ని నెలల తర్వాత మళ్లీ పెట్టుకుని చివరిదాకా విన్నాను. న్యూ బ్రిగేడ్‌లో ఉన్నట్టే ఇందులోనూ పన్నెండు పాటలే, కానీ నిడివి సరిగ్గా రెట్టింపు, దాదాపు 48 నిమిషాలు. పాటల సంఖ్య పెంచలేదు, ఒక్కొక్క పాటకు ఊపిరి తీసుకునే జాగా ఇచ్చారు. 'ఫరెవర్' అనే పాట తీసుకోండి. మొదట్లో దాదాపు ఏమీ జరగదు. గొంతు, అక్కడక్కడ గిటార్, అడుగులు వేస్తున్నట్టు డ్రమ్స్. ఆ అడుగులు కొంచెం కొంచెంగా బరువెక్కుతాయి, మళ్లీ సర్దుకుంటాయి, మళ్లీ బరువెక్కుతాయి. ఇక ఆగదు అనుకున్నప్పుడు, చివర్లో ట్రంపెట్లు వస్తాయి. అవి ముందే వచ్చి ఉంటే అలంకారంగా ఉండేవి. అంతసేపు రాకుండా ఉండి అప్పుడు రావడం వల్ల వాటికి కేక లక్షణం వచ్చింది. పంక్‌లో గొంతు చేసే పనిని అక్కడ ఇత్తడి చేసింది. మీ బరాత్ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాటను ఒక్కసారి వినండి.

తర్వాత నాలుగేళ్ల విరామం. 2018లో వచ్చిన 'బియాండ్‌లెస్' గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది వినగానే అర్థమయ్యే రికార్డు. స్వీడన్‌లోని యోటెబొరి నగరంలో టేపు మీద రికార్డు చేశారు, ఇత్తడి వాద్యాలు ఈసారి అతిథుల్లా కాక ఇంటివాళ్లలా కూర్చున్నాయి, 'పెయిన్ కిల్లర్' అనే పాటలో అమెరికా గాయని స్కై ఫెరీరా గొంతు కలిపింది. పేరు మాత్రం ఐర్లండ్ రచయిత శామ్యూల్ బెకెట్ వాడిన ఒక మాట. అంత బరువైన పేరున్న రికార్డులో అంత ఉల్లాసంగా తూలే పాటలుండడం నాకు ఇప్పటికీ ముచ్చటే.

ఇక మీ డ్రమ్మర్‌ను కలవరపెట్టిన 2021 నాటి 'సీక్ షెల్టర్'. ఇది మెక్సికన్ సమ్మర్ అనే బ్రూక్లిన్ సంస్థ నుంచి వచ్చింది. సోనిక్ బూమ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన పీట్ కెంబర్ నిర్మాత, ఆ నలుగురికి తోడు కాస్పర్ మొరియా ఫెర్నాండెజ్ అనే రెండో గిటారిస్టు చేరాడు. 'షెల్టర్ సాంగ్' అనే మొదటి పాటలోనే లిస్బన్ గాస్పెల్ (చర్చి పాటల) బృందం కోరస్ వినిపిస్తుంది. 'హై అండ్ హర్ట్' పాటలో అమెరికా చర్చిల్లో తరతరాలుగా పాడుకునే ఒక కీర్తన పల్లవి కూడా తొంగిచూస్తుంది. చర్చి బృందం అనగానే మీ మిత్రుడికి పట్టుచీరలు కట్టి పీట మీద కూర్చోబెట్టిన పాట గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఆ రికార్డు ఎక్కడ, ఎలా తయారైందో చూడండి. లిస్బన్‌లో నమూష్ అనే పాత స్టూడియో. గోడలకు చెక్క పలకలు, పైకప్పుకు పగుళ్లు. వాళ్లు అక్కడున్న పన్నెండు రోజులూ బయట వాన, గాలివాన. పగుళ్లలోంచి నీళ్లు కారుతుంటే నేల మీద మడుగులు కట్టాయి. ఆ మడుగులను తప్పించి ఆంప్లిఫైయర్లు, మైకులు అమర్చుకున్నారు. కారే చోటల్లా బకెట్లు పెట్టి, చినుకు టప్‌మన్న చప్పుడు మైకుకు అందకుండా ఆ బకెట్ల మీద గుడ్డలు కప్పారు. అలా వాన నీళ్ల నడుమ కూర్చుని వాయించినవాళ్లను సుఖం మరిగినవాళ్లని అనడం నావల్ల కాదు. మన వైపు పెంకుటిళ్లలో పెరిగినవాళ్లకు ఆ బకెట్లు, గుడ్డల సంగతి వేరే వివరించనక్కరలేదు.

అమ్ముడుపోవడం అంటే ఏమిటో ఇప్పుడు తేల్చుకుందాం. కొనేవాడొకడు ఉండాలి, వాడు ఫలానాది కావాలని అడగాలి, మనం అది ఇవ్వాలి. 2012 నాటికి ఐసేజ్‌ను అడిగినవాళ్లందరూ అడిగింది ఒక్కటే: ఇంకో న్యూ బ్రిగేడ్. కుర్రతనం, రక్తం, వేగం, 24 నిమిషాలు. అప్పట్లో పత్రికలకు వాళ్లమీద మోజు కలిగింది కూడా దానివల్లే. అదే సరుకును మళ్లీ మళ్లీ ఇచ్చి ఉంటే అది తేలికైన బేరం అయ్యేది. వాళ్లు ఆ గిరాకీకి వ్యతిరేకంగా నెమ్మదించారు, పియానో తెచ్చారు, పాటల్ని సాగదీశారు. పైగా కోరస్ బృందం వచ్చింది పెద్ద సంస్థలోకి ఎక్కినప్పుడు కాదు, మాటడోర్‌ను వదిలి దానికంటే చిన్న సంస్థకు వెళ్లాక. డబ్బు దారి ఒకవైపు, పాట దారి ఇంకోవైపు పోతుంటే పాట వెంట వెళ్లినవాణ్ణి అమ్ముడుపోయాడని ఎలా అంటాం?

మీ ఇద్దరి వాదన ఆ ఊరికి కొత్త కూడా కాదు. ఐసేజ్ సభ్యులు పుట్టకముందే కోపెన్‌హాగన్ దీన్నంతా ఒకసారి చూసేసింది. 1977లో అక్కడ సాడ్స్ అనే బ్యాండ్ పుట్టింది. స్టీన్ యోర్గెన్‌సెన్, పీటర్ పీటర్, క్నుద్ ఓదె, టోమస్ ఓర్ట్‌వెద్ అందులో ఉండేవారు. 1979లో వాళ్లు తెచ్చిన 'మినిట్స్ టు గో' డెన్మార్క్‌లో తొలి పంక్ ఆల్బమ్‌గా పేరు పొందింది. మరుసటి ఏడాదే 'ఉండర్ ఎన్ సోర్ట్ సోల్', అంటే 'ఒక నల్ల సూర్యుడి కింద', అనే రికార్డు తెచ్చారు. అది అప్పటికే వేగం తగ్గి, చీకటి పెరిగిన సంగీతం. ఆ పేరులోంచే కొత్త పేరు తీసుకుని సోర్ట్ సోల్ అయ్యారు. డెన్మార్క్‌లోని యూట్‌లాండ్ నైరుతి చిత్తడి నేలల మీద సాయంత్రాల్లో గోరింకల జాతి పక్షులు లక్షలాదిగా లేచి ఆకాశాన్ని కమ్మేస్తే దాన్నీ అక్కడివాళ్లు 'సోర్ట్ సోల్' అనే పిలుస్తారు. ఒక్కొక్క పక్షికీ తన దారి ఉన్నట్టే ఉంటుంది, గుంపు మాత్రం చెదరదు. ఇంతకీ ఆ బ్యాండ్ 1993లో తెచ్చిన 'గ్లామర్‌పుస్'తో దేశమంతా వినే బ్యాండ్ అయింది. పీటర్ పీటర్ సినిమా సంగీతం వైపు వెళ్లి, 1996లో వచ్చిన 'పుషర్' సినిమాకు సంగీతం కట్టినవాళ్లలో ఒకడయ్యాడు. క్నుద్ ఓదె చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. ఈ రోజు డెన్మార్క్‌లో ఎవరూ 1980లో వాళ్లు దారి మార్చినందుకు నిలదీయరు, ఎందుకు మార్చారని అడిగినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

అయితే సోర్ట్ సోల్‌కూ ఐసేజ్‌కూ ఒక తేడా ఉంది, మీకు పనికొచ్చేది అదే. ఐసేజ్ పేరు మార్చుకోలేదు. మొదట కలిసిన నలుగురూ 2021 రికార్డు దాకా ఒక్కరు కూడా తగ్గలేదు, పక్కన మనుషులు చేరారంతే. దీనికి ఒక కారణం నాకు తోచింది చెబుతాను. పాడే ఎలియాస్‌కు బ్యాండులో ఇమడని కోరికలు వచ్చినప్పుడు వాటిని బ్యాండ్ నెత్తిన రుద్దకుండా వేరే చోటికి పట్టుకెళ్లాడు. వోర్ అనే బృందంలో యంత్రాల చప్పుళ్లతో, సింథసైజర్లతో పనిచేశాడు, 2013లో దాని రికార్డు వచ్చింది. మార్చింగ్ చర్చ్ పేరుతో 2015లోనూ 2016లోనూ మరో రకం పాటలు చేశాడు. 2024లో 'హెవీ గ్లోరీ' అని సొంత పేరుతో ఒక రికార్డు తెచ్చాడు. ఇంట్లో అందరికీ సరిపడని వంటను పక్కింట్లో వండుకుని, అందరూ తినగలిగిందే తెచ్చి మన విస్తట్లో వడ్డించడం లాంటిది ఇది. మీ గిటారిస్టుకు ఈ మాట చెప్పాలి. ట్రంపెట్ ఒక్కటే అయితే సరే, రేపు సారంగి, ఎల్లుండి కీబోర్డు అనే రకమైతే అతనికి ఇంకో బృందం కూడా కావాలి. అది విడిపోవడం కాదు, కలిసుండడానికి చేసుకునే ఏర్పాటు.

వాళ్ల జీవితంలో అనుకరించకూడనివి కూడా ఉన్నాయి. మొదటి రోజుల్లో వాళ్లు వాడిన గుర్తులను, గీసిన బొమ్మలను చూసి కొందరు వీళ్లు తీవ్ర జాతీయవాదులేమోనని అనుమానించి గట్టిగా నిలదీశారు. అటువంటిదేమీ లేదని వాళ్లు ఖండించారు. కానీ ఇంటర్వ్యూల్లో ముక్తసరిగా, పెడసరంగా జవాబులిచ్చే అలవాటు వల్ల ఆ అనుమానం అవసరమైనదానికంటే చాలాకాలం వెంటాడింది. పోస్టరు మీద ఏ గుర్తు వేసినా దాని అర్థం మీ నలుగురికీ తెలిసి ఉండాలి, అడిగినవాళ్లకు మొదటి రోజే చెప్పగలగాలి.

ఇంకో తేడాను దాచిపెట్టి మీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు. డెన్మార్క్‌లో పద్దెనిమిది నిండి చదువుకునే పిల్లలకు ప్రభుత్వం నెలనెలా భృతి ఇస్తుంది. కళలకు ప్రభుత్వ నిధి ఉంది, ఊరూరా సంగీత బడులున్నాయి. దేశం మొత్తం జనాభా అరవై లక్షలు, అంటే మన హైదరాబాద్ కంటే చిన్నది. రికార్డుకు రికార్డుకు నడుమ నాలుగేళ్లు ఆగగలగడం వెనుక ప్రతిభతోపాటు ఈ నేల కూడా ఉంది. మీరు ఉద్యోగాల నుంచి వచ్చి, ట్రాఫిక్ దాటుకుని, పక్కింటివాళ్లు తలుపు కొట్టేలోపు వాయించుకోవాలి. అందువల్ల వాళ్లు పదేళ్లలో వేసిన అడుగులు మీరు రెండేళ్లలో వేయలేదని బెంగపడవద్దు, వేద్దామని తొందరపడనూ వద్దు.

ఇక మీ డ్రమ్మర్. అతడు సిద్ధాంతం మాట్లాడుతున్నాడని మీరు అనుకుంటున్నారు. నేను మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ నెమ్మది పాటలోకి గిటారిస్టు ఎవరిని తెచ్చాడో, ట్రంపెట్ ఎవరు ఊదారో, మీకు ఎంత నచ్చిందో రాశారు. డ్రమ్స్ ఏం చేస్తాయో ఒక్క ముక్క కూడా రాయలేదు. రెండున్నరేళ్లుగా మీ పాటలన్నింటినీ భుజాన మోసినవాడికి కొత్త పాటలో పని లేకుండా పోయిందేమో, ఆ మాట పైకి చెప్పలేక 'అమ్ముడుపోయారు' అంటున్నాడేమో కనుక్కోండి. పైన న్యూ బ్రిగేడ్ గురించి చెప్పింది ఇందుకే: ఆ బ్యాండ్ మారినప్పుడల్లా మొదట మారింది డ్రమ్స్ నడక. ఉరుకు కవాతైంది, కవాతు గుర్రపు దౌడైంది, ఆ పైనే ఇత్తడి వచ్చి కూర్చుంది. వాళ్ల డ్రమ్మర్ డాన్ కియార్ నీల్సన్ కుదరదని అని ఉంటే 'ఫరెవర్' చివర్లో ఆ ట్రంపెట్లకు నిలబడే చోటే ఉండేది కాదు.

కాబట్టి అతని ఇంటికి వెళ్లండి, ఫోన్లో వద్దు, మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లకండి. ఆ నెమ్మది పాటను తన చేతుల్లో పెట్టి, ట్రంపెట్ ఎక్కడ రావాలో, ఎంతసేపు రాకుండా ఆగాలో నువ్వే తేల్చమనండి. అతడు ఒప్పుకుంటే వచ్చే ఆదివారం ఆ కుర్రాణ్ణి పైగదికి పిలవండి. అతడు బరాత్‌లో డప్పులను మించి వినబడేలా ఊదడం అలవాటైనవాడు కాబట్టి ఆ చిన్న గదిలో మైకు దగ్గర కాకుండా తలుపు దగ్గర, వీలైతే మెట్ల మీద నిలబెట్టండి.